మండే ఎండ, మానని పుండు



దివిసీమ చుట్టుపక్కల చర్మవైద్యం చేసేవాళ్ళ దగ్గరికి జనం ఎక్కువగా తామర కోసం వస్తారు, లేదా జుట్టు రాలుతోందని వస్తారు. క్యాన్సర్ సంగతి అడిగేవాళ్ళు అరుదు. అందుకే పోయిన వేసవిలో చల్లపల్లి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న నాకు గుర్తుండిపోయింది. ఆయన కొడుకు ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వీడియో కాల్‌లో తండ్రి చొక్కా లేకుండా చేనిగట్టు మీద కూర్చునుండటం చూసి కంగారు పడ్డాడట. ఇక్కడ ఎండకి చర్మ క్యాన్సర్లు వస్తున్నాయి నాన్నా, క్రీము రాసుకోకుండా పొలం వెళ్ళొద్దు అన్నాడట. పెద్దాయన నాతో నవ్వుతూ అన్నారు: "డాక్టరు గారూ, పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ ఈ ఎండలోనే ఉన్నానండీ. మా నాన్నా ఇందులోనే, మా తాతా ఇందులోనే. మా ఊళ్ళో ఎవరికీ రాలేదు. మావాడి మాట నిజమేనంటారా?"

కొడుకు చెప్పిందీ నిజమే, తండ్రి చెప్పిందీ నిజమే. రెండూ ఎలా నిజమవుతాయో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు ఎండ సంగతి చూద్దాం. మన కృష్ణా డెల్టా భూమధ్యరేఖకి 16 డిగ్రీల ఎగువన ఉంది. బ్రిస్బేన్ 27 డిగ్రీల దిగువన ఉంది. అంటే మన సూర్యుడేమీ వాళ్ళ సూర్యుడికి తీసిపోడు. ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతకి ఒక సూచిక ఉంది. అది 11 దాటితే విపరీతమైన ఎండ కింద లెక్క. వేసవి మధ్యాహ్నాల్లో మన దగ్గర అది 11 దాటడం మామూలే. అయినా ఆస్ట్రేలియాలో 70 ఏళ్ళు వచ్చేసరికి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ బయటపడుతుందని అక్కడి వైద్యులు చెబుతారు. చొక్కా వేసుకోండి, క్రీము పూసుకోండి, టోపీ పెట్టుకోండి అని 1981 నుంచీ అక్కడ టీవీల్లో ఊదరగొడుతున్నారు. ఇక్కడ మాత్రం చర్మ క్యాన్సర్ అరుదైన జబ్బుల్లోనే ఉండిపోయింది.

తేడా చర్మంలో ఉంది. 1894లో ఊనా అనే జర్మన్ వైద్యుడు ఓడల మీద పనిచేసే తెల్లవాళ్ళ మొహాల్ని పరీక్షించి, ఎండలో మగ్గిన చర్మం ముందు గరుకుదేలి, పొలుసులు కట్టి, చివరికి క్యాన్సర్‌గా మారుతుందని రాశాడు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మన బందరు రేవే గుర్తొస్తుంది. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ దిగి వర్తకం పెట్టారు. ఒకే ఇసక మీద, ఒకే ఎండలో సరుకు దింపుకున్న దొరగారి చర్మం, మన కూలీ చర్మం ఒక్కటి కాదు గదా!

ఆ తేడా పేరు మెలనిన్. మన రంగుకి కారణమైన పదార్థం. పైచర్మం గుండా అతినీలలోహిత కిరణాలు ఎంత దిగుతాయో 1979లో అమెరికాలో కొలిచి చూశారు. తెల్లవాళ్ళలో నూటికి 24 పాళ్ళు, ఆఫ్రికా మూలాల అమెరికన్లలో 7 పాళ్ళు దిగాయి. మనం ఆ రెంటికీ నడుమ ఉంటాం. మనిషికి ఈ రంగు క్యాన్సర్ని ఆపడానికే వచ్చిందా అంటే, బహుశా కాదు. చర్మ క్యాన్సర్ సాధారణంగా పిల్లల్ని కని పెంచిన తర్వాతి వయసులో వచ్చే జబ్బు, కాబట్టి అది సంతానానికి అడ్డురాదు. ఫోలిక్ ఆమ్లాన్ని కాపాడుకోవడానికి వచ్చిందని ఒక గట్టి వాదం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో అమెరికాలో 1945 ప్రాంతంలో కృత్రిమంగా తయారుచేసిన విటమిన్ అదే. గర్భిణులకి ఇచ్చే మాత్ర అదే. రక్తంలో ఫోలేట్ రూపంలో ఉన్న ఆ విటమిన్ ఎండకి విరిగిపోతుందని 1978లో చూపించారు. కడుపులో బిడ్డ సరిగ్గా ఎదగాలంటే అది కావాలి కాబట్టి, ఎండ దేశాల్లో నల్లటి చర్మం నిలిచిందని ఆ వాదం. నాకిది నమ్మదగ్గదిగానే తోస్తుంది.

సరే, మెలనిన్‌ని దాటి కొంత కిరణం లోపలికి దిగిందనుకోండి. అక్కడ ఏం జరుగుతుంది? కణంలో డి.ఎన్.ఎ. అనే పొడుగాటి పోగు ఉంటుంది. దాని మీద అక్షరాల్లాంటివి వరసగా ఉంటాయి. కిరణం తగిలితే పక్కపక్కనున్న రెండు అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ అతుకుని కత్తిరించి, కొత్త ముక్క వేసి సరిచేసే ఏర్పాటు ప్రతి కణంలోనూ ఉంది. దాన్ని విప్పి చెప్పినందుకు అజీజ్ శాంజర్‌కి 2015లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మరమ్మతుకి వీలుకానంత చెడిపోతే ఆ కణం తనంతట తాను చచ్చిపోతుంది. ఎండకి మాడిన వీపు మీద నాలుగు రోజులకి పొట్టు లేస్తుంది చూడండి, అందులో రాలిపోయేవి అలా చచ్చిన కణాలే. వాటికి చావమని చెప్పే జన్యువు ఒకటుంది, పి53 అంటారు. ఎండే ఆ జన్యువుని చెడగొడితే కణం చావదు, పెరుగుతుంది. 1991లో డగ్లస్ బ్రాష్, ఆయన సహచరులు చర్మ క్యాన్సర్లలో ఈ జన్యువుని పరీక్షిస్తే, అందులో కనిపించిన తప్పులు సరిగ్గా అతినీలలోహిత కిరణం చేసే తరహా తప్పులే. దొంగ వేలిముద్ర దొరికినట్టే.

చాలాకాలం కథ ఇంతేననుకున్నారు. ఎండ జన్యువుని పాడుచేస్తుంది, కణం గతి తప్పుతుంది, గడ్డ పెరుగుతుంది. కానీ ఒక చిక్కు ఉంది. జన్యువు అంతగా చెడిన కణం చూడటానికి మన కణంలా ఉండదు. దాని మీద కొత్తకొత్త ప్రోటీన్లు కనిపిస్తాయి. పరాయిదాన్ని పసిగట్టి చంపడమే మన రోగనిరోధక శక్తి పని. మరి అది ఎందుకు ఊరుకుంటోంది?

ఈ ప్రశ్నకి దారి చూపినావిడ అమెరికా శాస్త్రజ్ఞురాలు మార్గరెట్ క్రిప్కీ. 1974లో అచ్చయిన ఆవిడ పని నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది ఎవరికైనా అర్థమవుతుంది. ఎలకల మీద అతినీలలోహిత కిరణాలు పడనిచ్చి చర్మ క్యాన్సర్లు వచ్చేట్టు చేశారు. ఆ గడ్డలోంచి ముక్క తీసి, అదే జాతికి చెందిన, కవలల్లా ఒకే జన్యువులున్న ఆరోగ్యమైన ఎలకలో నాటారు. నాటిన ముక్క బతకలేదు. ఎలక ఒళ్ళు దాన్ని పరాయిదని గుర్తుపట్టి వదిలించుకుంది. అంటే ఎండ క్యాన్సర్ చాలా తేలిగ్గా పట్టుబడే క్యాన్సర్ అన్నమాట. మరి మొదటి ఎలకలో అది ఎలా పెరిగింది? ఆవిడ, ఆవిడ తోటివాళ్ళు తర్వాత ఇంకో పని చేశారు. గడ్డ పుట్టించడానికి చాలనంత కొద్ది కిరణాలు ఆరోగ్యమైన ఎలక మీద పడనిచ్చి, అప్పుడు ముక్క నాటారు. ఈసారి ముక్క బతికింది, పెరిగింది. కిరణాలు పడ్డ చోట కాక వేరేచోట నాటినా పెరిగింది. అలాంటి ఎలక నుంచి కొన్ని తెల్ల రక్తకణాలు తీసి మరో ఎలకకి ఎక్కిస్తే, ఎండ మొహమే చూడని ఆ రెండో ఎలక కూడా గడ్డని పెరగనిచ్చింది.

అంటే ఎండ చేసే పని ఒకటి కాదు, రెండు. ఒక చేత్తో జన్యువుని చెడగొడుతుంది. రెండో చేత్తో కాపలా కణాలకి ఊరుకోమని కబురు పంపుతుంది.

ఆ కబురు వెళ్ళే దారి తెలుసుకోవడానికి మరో పదేళ్ళు పట్టింది. మన చర్మం పైపొరలో యురోకానిక్ ఆమ్లం అనే చిన్న పదార్థం ఉంటుంది. కిరణం తగలగానే దాని ఆకారం మెలి తిరిగిపోతుంది. ఎండ కబురుని మొదట అందుకునేది ఇదేనని 1983లో డి ఫాబో, నూనన్ అనే ఇద్దరు చెప్పారు. తర్వాత వంతు లాంగర్‌హాన్స్ కణాలది. పాల్ లాంగర్‌హాన్స్ 1868లో, ఇంకా వైద్య విద్యార్థిగా ఉండగానే, వీటిని చూసి నరాల కణాలనుకున్నాడు. ఇవి నిజానికి చర్మంలో చేతులు చాచుకు కూర్చుని, పైనుంచి వచ్చిన పరాయి వస్తువుని పట్టుకుని, చంకల్లోనూ గజ్జల్లోనూ ఉండే లింఫు గ్రంథులకి మోసుకెళ్ళి, అక్కడి టి కణాలనే తెల్ల రక్తకణాలకి చూపిస్తాయి. ఎండ తగిలాక చర్మంలో వీటి సంఖ్య తగ్గిపోతుంది. గ్రంథులకి చేరినవి కూడా దాడి చెయ్యమనే బదులు ఓర్చుకొమ్మనే తరహా టి కణాల్ని తయారుచేయిస్తాయి. చర్మంలో ఇంటర్‌ల్యూకిన్-10 అనే సంకేతం పెరుగుతుంది, ఇది రెచ్చిపోయిన కణాల్ని చల్లబరిచే సంకేతం. ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు కూడా పెరుగుతాయి. వీటన్నిటి ఫలితం ఒక్కటే, కొన్నాళ్ళపాటు ఆ మనిషి నిఘా మందగిస్తుంది.

ఒళ్ళు ఇంత తెలివితక్కువ పని ఎందుకు చేస్తుందని మీరనుకోవచ్చు. రోజూ ఎండ తగిలి కొన్ని కణాలు చెడుతూనే ఉంటాయి. ప్రతిసారీ వాటి మీద దాడి మొదలైతే మన చర్మాన్ని మనమే తినేసుకుంటాం. ఆ ఓర్పు లేనివాళ్ళు ఎలా ఉంటారో లూపస్ జబ్బు వచ్చినవాళ్ళని చూస్తే తెలుస్తుంది. కాసేపు ఎండలో నిలబడితే చాలు, ముక్కుకి అటూ ఇటూ బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కల్లా దద్దు లేస్తుంది, కీళ్ళు పట్టేస్తాయి. కాబట్టి ఎండకి నిఘా మందగించడం మామూలు వాళ్ళకి చాలావరకు రక్షణే. ఏళ్ళ తరబడి, తెల్లటి చర్మం మీద, హద్దు మీరినప్పుడే అది ముప్పు.

ఇప్పుడు ఇన్‌ఫ్లమేషన్ సంగతి. వాపు, ఎరుపు, వేడి, సలపరం, ఈ నాలుగూ కలిస్తే అది. ఎండలో మాడినప్పుడు మంట అప్పటికప్పుడు తెలియదు, సాయంత్రమో రాత్రో పడుకోబోయేటప్పుడు తెలుస్తుంది. ఎందుకంటే అది కిరణం వల్ల నేరుగా పుట్టే మంట కాదు, కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటే పుట్టే మంట. ఆ కబుర్లకి కొన్ని గంటలు పడుతుంది. 2012లో శాన్‌డియాగో శాస్త్రజ్ఞులు దీని మొదలు కనిపెట్టారు. ఎండకి చచ్చిన కణంలోంచి విరిగిన ఆర్.ఎన్.ఎ. ముక్కలు బయటికి వస్తాయి. పక్క కణం వాటిని చూసి వైరస్ వచ్చిందనుకుంటుంది! వైరస్‌ని పసిగట్టడానికి ఉన్న గ్రాహకమే వీటినీ పట్టుకుని గోల మొదలుపెడుతుంది. దాంతో రక్తనాళాలు వెడల్పవుతాయి, తెల్ల కణాలు వచ్చిపడతాయి, చెత్త తీసేస్తాయి, కొత్త చర్మం పుడుతుంది. పని అయిపోయాక గోల అణగాలి.

అణగకపోతేనే కష్టం. కృష్ణా కాలవ కింద వ్యవసాయం చేసేవాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. నాట్లకి వదిలిన నీరు ప్రాణం పోస్తుంది. అదే నీరు కోతల వేళ చేలో నిలబడిపోతే పడిపోయిన కంకి మీదే గింజ మొలకెత్తుతుంది. ఎప్పటికీ అణగని వాపు కూడా అంతే. వచ్చిపడ్డ తెల్ల కణాలు సూక్ష్మజీవుల్ని చంపడానికి వదిలే ఘాటైన ఆక్సిజన్ పదార్థాలు పక్కనున్న మంచి కణాల జన్యువుల్ని కూడా కొరుకుతాయి. పుండు మాన్పడానికి పంపే "పెరగండి, పెరగండి" అనే సంకేతం ఆగకుండా వెళుతూ ఉంటుంది. కొత్త రక్తనాళాలు వస్తూనే ఉంటాయి. చెడిన కణం ఒక్కటి ఆ ఇరుగుపొరుగులో పడిందంటే దానికి కావలసినవన్నీ అమర్చిపెట్టినట్టే. 1986లో హెరాల్డ్ డ్వోరాక్ అనే అమెరికన్ వైద్యుడు క్యాన్సర్ గడ్డ అంటే మానని పుండేనని వాదిస్తూ ఒక వ్యాసం రాశాడు. మా వైద్యవిద్యలో ఇంతగా ప్రస్తావనకి వచ్చే వ్యాసాలు తక్కువ.

వాపుని అణచే మందులతో ఎండ క్యాన్సర్ని ఆపవచ్చా అని కూడా చూశారు. నొప్పులకి వాడే సెలికాక్సిబ్ మాత్ర ఇచ్చినవాళ్ళలో చర్మ క్యాన్సర్లు తక్కువ వచ్చాయని 2010లో ఒక అమెరికా పరీక్షలో తేలింది. కానీ ఆ మందు ఏళ్ళ తరబడి వాడితే గుండెకి ముప్పు. ఆ దారి అక్కడితో ఆగింది. మీరెవరూ చర్మం కోసం నొప్పిమాత్రలు మింగకండి.

ఇక మన ఊళ్ళకి వద్దాం. బ్రిస్బేన్‌లో ఎండ చేసే పనిని మన దగ్గర ఎక్కువగా మానని పుండు చేస్తుంది. ఇది నేను నొక్కి చెప్పదలచిన మాట. కిరసనాయిల్ స్టవ్వు పేలో, చీరకొంగు అంటుకునో, మరిగే గంజి పడో ఎప్పుడో చిన్నప్పుడు కాలిన మచ్చ కొందరి కాళ్ళ మీద ఉంటుంది. చర్మం బిగుసుకుని, నిగనిగలాడుతూ, వెంట్రుక లేకుండా ఉంటుంది. నాట్లకి దిగినప్పుడో, గడ్డి కోసేటప్పుడో అది చిట్లుతుంది. పక్కు కడుతుంది, మళ్ళీ చిట్లుతుంది. పసుపు అద్దుతారు, ఆముదం రాస్తారు, మెడికల్ షాపులో ఏదో గొట్టం మందు కొంటారు. అలా ఏళ్ళు గడుస్తాయి. ఒకసారి చూస్తే పుండు అంచు మారిపోయి ఉంటుంది. మామూలు పుండు అంచు లోపలికి వాలి మానుపట్టే వైపు ఉంటుంది. ఈ అంచు పైకి లేచి, బయటికి తిరిగి, వేలితో నొక్కితే గట్టిగా, గరుకుగా తగులుతుంది. ముట్టుకుంటే రక్తం చిమ్ముతుంది. గుడ్డకి ఒకరకమైన వాసన అంటుకుంటుంది. నొప్పి మాత్రం పెద్దగా ఉండదు. నొప్పి లేదు గదా అని ఊరుకుంటారు. అదే అన్నిటికన్నా ప్రమాదం.

మచ్చల్లో లేచే ఇలాంటి పుండుని 1828లో వర్ణించిన ఫ్రెంచి సర్జన్ పేరు మీద మార్జొలాఁ పుండు అంటారు. కాలిన నాటి నుంచి క్యాన్సర్ తేలడానికి తరచు ముప్ఫై ఏళ్ళు కూడా పడుతుంది. ఇందులో ఎండ పాత్ర దాదాపు లేదు. అయినా మనం ఇందాక చెప్పుకున్న రెండు చేతులూ ఇక్కడా కనిపిస్తాయి. ఒక పక్క ఆగని వాపు కణాన్ని చెడగొడుతుంది. మరో పక్క మచ్చలో రక్తనాళాలు, లింఫు నాళాలు సరిగ్గా లేక కాపలా కణాలు అక్కడికి చేరలేవు. మచ్చ దాటి మామూలు చర్మంలోకి, గజ్జలో బిళ్ళల్లోకి పాకేదాకా ఒంటికి సంగతే తెలియదు.

నడుము దగ్గర వచ్చేది ఇంకో రకం. బొంబాయి టాటా ఆసుపత్రిలో డాక్టర్ ఖనోల్కర్ 1945లోనే పంచె క్యాన్సర్ గురించి రాశారు. ఏళ్ళ తరబడి నడుముకి ఒకేచోట బిగించి కట్టిన ముడి, దాని కింద చెమట, రాపిడి. ఆడవాళ్ళలో అదే లంగా బొందు. 2024లో మహారాష్ట్ర, బీహారు వైద్యులు ఇద్దరు స్త్రీల నడుము మీద ఇలాంటివి చూసి రాశారు. బొందు ఒరుసుకుని నడుము చుట్టూ నల్లటి చార పడటం మన ఇళ్ళల్లో చాలామంది ఆడవాళ్ళకి ఉంటుంది. చార అయితే భయం లేదు. ఆ చారలో పొలుసు లేచి, చీలి, మానకపోతే చూపించాలి. సన్నటి బొందు తీసి వెడల్పు పట్టీ వేయించుకుంటే రాపిడి తగ్గుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే ఆడవాళ్ళ అంగిట్లో వచ్చే క్యాన్సర్ వెనక కూడా పొగతోపాటు ఈ నిత్యం కాలే వేడి ఉంది.

మరి మనలో ఎండకి భయపడవలసినవాళ్ళు ఎవరూ లేరా? ఉన్నారు. పుట్టుకతోనే ఒళ్ళూ జుట్టూ తెల్లగా ఉండే పిల్లలు మొదటివాళ్ళు. వాళ్ళకి మెలనిన్ తయారుకాదు. రెండో రకం ఇంకా అరుదు, ఇంకా కఠినం. డి.ఎన్.ఎ. అతుకుని కత్తిరించే ఏర్పాటే లోపించి పుట్టే పిల్లలు. జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అంటారు. 1968లో జేమ్స్ క్లీవర్ దీని కారణం కనుక్కున్నాడు. రెండు మూడేళ్ళకే మొహం నిండా నల్లమచ్చలు, వెలుతురు చూడలేకపోవడం, బడికి వెళ్ళే వయసులోనే క్యాన్సర్లు. ఈ రెండు జబ్బులూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు వస్తేనే వస్తాయి. మేనమామకీ, మేనత్త కొడుక్కీ ఇచ్చి చేసే మన జిల్లాల్లో ఆ రెండూ కలిసే అవకాశం ఎక్కువ. ఈ మాట అంటే పెద్దవాళ్ళకి కోపం వస్తుంది, అయినా అనక తప్పదు. ఆ పిల్లలకి పొద్దుటి నీరెండ కూడా కష్టమే. నిండు చేతుల చొక్కా, అంచున్న టోపీ, నల్లద్దాలు, క్రీము రోజూ ఉండాలి.

మూడోవాళ్ళు మూత్రపిండం మార్పించుకున్నవాళ్ళు. వాళ్ళు నిఘాని మందుతో కావాలనే తగ్గించుకుని బతుకుతున్నారు. తెల్లవాళ్ళ దేశాల్లో వీళ్ళకి ఒకరకం చర్మ క్యాన్సర్ మామూలు వాళ్ళకన్నా అరవై డెబ్బై రెట్లు ఎక్కువ వస్తుందని లెక్కలున్నాయి. మనలో అంత లేదు. అయినా కొత్త పులిపిరి లేచినా, పుండు మానకపోయినా వాళ్ళు ఆలస్యం చేయకూడదు.

బొల్లి ఉన్నవాళ్ళ సంగతి వింతగా ఉంటుంది. తెల్లమచ్చ మీద మెలనిన్ లేదు కాబట్టి క్యాన్సర్ ఎక్కువ రావాలి. రాదు. నెదర్లాండ్స్‌లో వేలమందిని చూసి, బొల్లి ఉన్నవాళ్ళలో చర్మ క్యాన్సర్లు తక్కువేనని 2013లో తేల్చారు. బొల్లి అంటేనే ఒంటి టి కణాలు రంగు కణాల్ని వెంటాడి చంపడం. నిఘా అంత చురుగ్గా ఉన్నచోట క్యాన్సర్ కణం నిలదొక్కుకోలేదనుకుంటున్నారు. మన నాటువైద్యంలో బొల్లికి బావంచాలు నూరి రాసి ఎండలో కూర్చోబెడతారు. ఆ గింజల్లోని సోరాలిన్ అనే పదార్థం ఎండని మరింత ఘాటుగా పట్టిస్తుంది. 1974 నుంచి ఆసుపత్రుల్లో ఇదే పద్ధతిని దీపాలతో లెక్కగా ఇస్తున్నారు. ఇంట్లో లెక్క ఉండదు. బావంచాలు రాసుకుని మిట్టమధ్యాహ్నం కూర్చుని బొబ్బలెక్కి వచ్చిన పిల్లల్ని చూస్తూనే ఉంటాం. దయచేసి ఆ పని చేయకండి.

తెలుగునేల మీద జరిగిన ఇంకో పరిశోధనకి ఈ కథతో చుట్టరికం ఉంది. తెలంగాణలో జొన్నన్నమే ఆధారమైన పేదలకి పెల్లగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోట్లే, మెడ చుట్టూ హారంలా, చేతుల మీద, కాళ్ళ మీద చర్మం నల్లగా మాడి పగిలేది. 1960లో గోపాలన్, శ్రీకాంతయ్య జొన్నలో లూసిన్ అనే ఆమ్లం ఎక్కువై నియాసిన్ విటమిన్‌కి అడ్డుపడుతోందని వాదించారు. హైదరాబాదు పోషకాహార సంస్థ పేరు ప్రపంచానికి తెలియడంలో ఆ పనికి వాటా ఉంది. ఇప్పుడు చూడండి, అదే విటమిన్‌లో ఒక రూపం నికోటినమైడ్. డి.ఎన్.ఎ. మరమ్మతుకి కావలసిన శక్తిని అందిస్తుంది, ఎండకి నిఘా మందగించడాన్ని తగ్గిస్తుంది. 2015లో ఆస్ట్రేలియాలో, అంతకుముందే చర్మ క్యాన్సర్లు వచ్చినవాళ్ళు 386 మందిలో సగం మందికి రోజూ రెండుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున ఏడాది ఇస్తే కొత్త క్యాన్సర్లు 23 శాతం తగ్గాయి. మందు ఆపగానే ఆ మేలూ ఆగిపోయింది. అవయవం మార్పించుకున్నవాళ్ళలో మాత్రం పనిచేయలేదని 2023లో తేలింది. కాబట్టి అందరూ కొనుక్కుని మింగవలసిన మాత్ర కాదిది.

క్రిప్కీ ఎలకలు చెప్పిన మాట మనుషుల్లో రుజువైంది ఈ మధ్యనే. నిఘా కణాల మీద బ్రేకుల్లా పనిచేసే ప్రోటీన్లని కనిపెట్టిన ఎలిసన్, హోంజోలకి 2018లో నోబెల్ వచ్చింది. ఆ బ్రేకు తీసేసే మందులు ఎండవల్ల వచ్చిన క్యాన్సర్ల మీద బాగా పనిచేస్తున్నాయి. ఎండ చేసిన తప్పులు ఎన్ని ఎక్కువుంటే ఆ కణం అంత పరాయిదిగా కనిపిస్తుంది మరి. ఖరీదు మాత్రం మామూలు రైతు అందుకోగలిగింది కాదు.

పెద్దాయనకి నేను చెప్పింది చాలా తక్కువ. క్రీము అక్కర్లేదన్నాను. మన చేలల్లో నాట్లు వేసే ఆడవాళ్ళని చూడండి, చీర మీద మగవాళ్ళ పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని, దాని అంచు నుదుటి మీదికి లాక్కుంటారు. ఆ ముతక నూలు చొక్కా ఏ ఖరీదైన క్రీముకీ తీసిపోదు. పదకొండు నుంచి మూడు దాకా చెట్టు నీడన ఉండగలిగితే ఇంకా మంచిది. 2014 నవంబరు నుంచి చల్లపల్లిలో డాక్టర్ ప్రసాద్, డాక్టర్ పద్మావతి గార్ల వెంట వీధులు ఊడ్చే కార్యకర్తలు తెల్లవారక ముందే పనిలోకి దిగుతారు. ఆ వేళకి అతినీలలోహిత కిరణం ఒక్కటీ ఉండదు. వాళ్ళు ఊరి కోసం ఎంచుకున్న వేళ చర్మానికీ కలిసొచ్చింది.

ఆయన్ని చెప్పులు విప్పమని అరికాళ్ళు మాత్రం చూశాను. నల్లచర్మం వాళ్ళకి వచ్చే మెలనోమా, అంటే రంగు కణాల క్యాన్సర్, ఎక్కువగా ఎండ తగలని అరికాల్లోనో, గోటి కిందో వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లీ 1981లో చనిపోయింది కాలివేలి గోటి కింద మొదలైన అలాంటి మచ్చతోనే. ఒట్టికాళ్ళతో బురదలో దిగేవాళ్ళకి ముల్లు గుచ్చుకున్న మచ్చకీ, దీనికీ తేడా తెలియదు. పెరుగుతున్న నల్లమచ్చ, అంచులు వంకరపోయిన మచ్చ, గోటిలో నల్లగీత వెడల్పవడం, ఇవి కనిపిస్తే చూపించుకోండి.

చూపించుకుంటే ఏం చేస్తారన్నది చాలామంది భయం. ముక్క తీస్తే పాకిపోతుందని ఊళ్ళల్లో ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. ఆరు వారాలైనా మానని పుండుకి అంచు దగ్గర మత్తు సూది వేసి మిరియం గింజంత ముక్క తీస్తారు. పది నిమిషాల పని, ఆ రోజే ఇంటికి పోవచ్చు. క్యాన్సర్ అని తేలినా, బిళ్ళల్లోకి పాకకముందే వస్తే చుట్టూ కాస్త మంచి చర్మంతో సహా కోసి తీసి, తొడ మీది చర్మం అతికిస్తారు. ఎక్కువమందికి అంతటితో సరిపోతుంది. ఆరోగ్య బీమా కార్డు ఉన్నవాళ్ళు దాన్ని వెంట తీసుకెళ్ళండి, అలాగే పుండు మీద ఇదివరకు రాసిన మందుల గొట్టాలు కూడా పారెయ్యకుండా పట్టుకెళ్ళండి. ఏవి వాడారో డాక్టరుకి తెలియాలి.